పాత క్యాసెట్లు, ప్లేట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం: విజయనగరం నుంచి నా అనుభవం

అనలాగ్ (టేపు, ప్లేటు) శబ్దం మెత్తగా ఉంటుందని, డిజిటల్ (సీడీ, కంప్యూటర్ ఫైలు) గరుకుగా ఉంటుందని విజయనగరంలో పాట వినే ఇళ్లలో ఇప్పటికీ గట్టిగా వాదిస్తారు. 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరిది. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పని చేసిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. చెవి పట్టింపు ఉన్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, వాళ్ల మాటను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. నాకూ ఎల్పీ మీద మోగే ఫిడేలే ఎక్కువ ఇష్టం. కానీ ఇంట్లో పోగైన హరికథల క్యాసెట్లు, రేడియో నుంచి పట్టుకున్న కచేరీలు, జముకుల కథలు, ఎల్పీలు, 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు) అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాక నాకు తేలింది ఇది: మనం అనలాగ్, డిజిటల్ అని పేర్లు పెట్టి కొట్లాడుకునే తేడాలో చాలా భాగం టేపును చదివే హెడ్డు దగ్గర, ప్లేటు మీది సూది దగ్గర, యంత్రాన్ని తిప్పే బెల్టు దగ్గర పుడుతుంది. అక్కడ పని సరిగ్గా చేస్తే ఎల్పీ మెత్తదనం ఫైల్లోకి కూడా అలాగే వచ్చేస్తుంది.

ముందు టేపు పరిస్థితి చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో గాలి తేమకు టేపు చుట్ట అంచున తెల్లటి బూజు పడుతుంది. అలాంటి క్యాసెట్‌ను డెక్‌లో (క్యాసెట్ మోగించే యంత్రంలో) పెడితే ఆ బూజు హెడ్డుకీ రోలర్‌కీ అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట, మెత్తటి పొడి గుడ్డతో అంచు తుడిచి, పనికిరాని పాత డెక్‌లో ఒకసారి చివరిదాకా, మళ్లీ వెనక్కి తిప్పాలి. ఇలా తిప్పడం వల్ల అతుక్కున్న పొరలు విడిపోతాయి, చుట్ట బిగువు కూడా సమానమవుతుంది. 2018 తిత్లీ తుపానులో తడిసిన క్యాసెట్ల వంటివి ఉంటే ఎండలో పెట్టకండి, వేడి తగలనివ్వకండి. డిస్టిల్డ్ వాటర్‌తో బురద, ఉప్పు కడిగి, నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాతే తిప్పాలి.

తర్వాత టేపు వెనక ఉండే చిన్న ఒత్తుడు మెత్త. రాగి రేకు మీద అంటించిన ఈ ముక్క జిగురు ఎండిపోయి ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్డుకు ఆనదు, పాట వస్తూ పోతూ ఉంటుంది. నాలుగైదు స్క్రూలు ఉన్న డబ్బా అయితే విప్పి, అదే కొలత ఉన్న మరో ఖాళీ డబ్బాలోకి చుట్టలు మార్చేస్తాను. అతికించేసిన డబ్బా అయితే అంచు కీలు దగ్గర బ్లేడుతో జాగ్రత్తగా విడదీయాలి. 60 నిమిషాల క్యాసెట్ టేపు సుమారు 18 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది, 90 నిమిషాలది 12 మాత్రమే. అందుకే 90ల దగ్గర చెయ్యి మరింత నెమ్మదిగా కదలాలి.

డెక్‌లో మొదట పాడయ్యేది బెల్టు. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే రబ్బరు సాగిపోతుంది, కొన్ని తారులా కరిగి చక్రాలకు పట్టేస్తాయి. కొత్తది కొనేటప్పుడు పాత బెల్టు కొలత పనికిరాదు, ఎందుకంటే అది సాగినది. బెల్టు నడిచే దారి చుట్టూ దారం వేసి కొలిచి, దానికన్నా 5 నుంచి 7 శాతం చిన్నది తీసుకుంటాను. మరీ బిగువైతే మోటారు బేరింగు అరుగుతుంది, వదులైతే రాగం వణుకుతుంది. హెడ్డును, టేపును లాగే లోహపు కడ్డీని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవాలి. రబ్బరు రోలర్‌కు మాత్రం సబ్బునీటి తడి చాలు, ఆల్కహాల్ తరచుగా తగిలితే రబ్బరు గట్టిపడి పగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఆ వేగంలో 10 కిలోహెర్ట్జ్ శబ్దం, అంటే సెకనుకు పదివేల అలలున్న సన్నని శబ్దం, టేపు మీద ఒక అలకు 4.76 మైక్రాన్ల చోటే తీసుకుంటుంది. హెడ్డులోని సన్నటి చీలిక టేపుకు సరిగ్గా లంబంగా ఉండాలి. రికార్డు చేసిన యంత్రం హెడ్డు ఒక వాలులో, మన డెక్ హెడ్డు ఇంకో వాలులో ఉంటే ట్రాక్ పై అంచున ఒక అల, కింది అంచున మరో అల కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మోనో ట్రాక్ వెడల్పు 1.5 మిల్లీమీటర్లు. దాని మీద 0.1 డిగ్రీ వాలు తేడాకే 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 5 డెసిబెల్స్ పోతాయి. 0.2 డిగ్రీ అయితే 20 డెసిబెల్స్ దాటి పోతాయి, అంటే చిడతల మొన, ఫిడేలు కమాను రాపిడి మాయమైపోతాయి. క్యాసెట్ శబ్దం మెత్తగా ఉందని చాలామంది మెచ్చుకునేది ఈ పోగొట్టుకున్న శబ్దాన్నే. టేపులో అది ఇంకా ఉంది, మన డెక్ చదవడం లేదు.

దీన్ని సరిచేయడం ఏమంత కష్టం కాదు. హెడ్డుకు రెండు వైపులా స్క్రూలు ఉంటాయి, వాటిలో స్ప్రింగు ఉన్నది, లేదా రంగు లక్క పూసి ఉన్నది వాలు మార్చే స్క్రూ. టేపు మోగుతుండగా, ఎడమ కుడి చానళ్లను ఒకటిగా కలిపి, హెడ్‌ఫోన్స్‌లో వింటూ ఆ స్క్రూను ఒక్కో కొంచెం తిప్పాలి. ఒకచోట సన్నని శబ్దాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, దాటిపోతే మళ్లీ ముసుగు పడుతుంది. విచ్చుకున్న చోట ఆపాలి. ఇది ప్రతి క్యాసెట్‌కీ, వీలైతే ప్రతి వైపుకీ విడిగా చేయాలి. ఇంట్లో పట్టిన క్యాసెట్లకైతే తప్పనిసరి. ఇనుప స్క్రూడ్రైవర్‌కు అయస్కాంతం లేకుండా చూసుకోవాలి. రికార్డు చేయడం మొదలయ్యాక మోనో క్యాసెట్‌కు కూడా రెండు చానళ్లూ విడివిడిగానే పట్టి, తర్వాత బాగున్న చానల్ ఒక్కటే ఉంచుకుంటాను. వాలులో ఏ కాస్త తేడా మిగిలినా రెండూ కలిపినప్పుడు మళ్లీ నష్టమే. డాల్బీ (టేపు రొద తగ్గించే ఏర్పాటు) బటన్ ఆపి ఉంచాలి. డాల్బీ లేకుండా పట్టిన టేపును డాల్బీతో వింటే సన్నని శబ్దం మరికాస్త అణిగిపోతుంది.

వేగం గురించి. సినిమా పాట వినేవాళ్లకు ఒక శాతం తేడా తెలియకపోవచ్చు, శృతి తెలిసినవాళ్లకు తెలుస్తుంది. ఒక శాతం వేగం అంటే సుమారు 17 సెంట్లు (సెంటు అంటే స్వరస్థానంలో నూరో వంతు), 6 శాతమంటే ఒక పూర్తి స్వరస్థానం. 3,150 హెర్ట్జ్ స్వరం ఉన్న టెస్ట్ క్యాసెట్ పెట్టి, ఫోన్‌లో ట్యూనర్ చూస్తూ, మోటారు వెనక చిన్న రంధ్రంలో ఉండే స్క్రూను ప్లాస్టిక్ మొన ఉన్న స్క్రూడ్రైవర్‌తో సరిచేస్తే డెక్ వేగం దారికి వస్తుంది. కానీ అది మన డెక్ వేగం మాత్రమే. గుడి దగ్గర బ్యాటరీ సెల్స్‌తో నడిచే టేప్‌రికార్డర్‌లో పట్టిన హరికథలో సెల్స్ అయిపోతున్నకొద్దీ యంత్రం నెమ్మదించి ఉంటుంది. అలాంటి టేపును సరైన వేగంతో వింటే కథ చివరికొచ్చేసరికి శృతి పైకి పైకి పోతుంది. అదృష్టం కొద్దీ హరికథలో హార్మోనియం ఉంటుంది, దాని శృతి కథ మధ్యలో మారదు. పది పదిహేను నిమిషాలకొకసారి హార్మోనియం షడ్జమం ఎన్ని సెంట్లు జరిగిందో రాసుకుని, ఆడాసిటీ అనే శబ్దం దిద్దే సాఫ్ట్‌వేర్‌లో స్లైడింగ్ స్ట్రెచ్ అనే పరికరంలో టెంపోకీ (వేగానికీ) పిచ్‌కీ (శృతికీ) ఒకే శాతం ఇచ్చి, ముక్కలు ముక్కలుగా సరిచేస్తాను. కరెంటుతో పట్టిన టేపుల్లో సన్నగా వినిపించే 50 హెర్ట్జ్ హమ్మును కొలబద్దగా వాడమని కొందరు చెబుతారు. మన దగ్గర అప్పట్లో కరెంటు ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండేది కాదు, కాబట్టి దాన్ని ఉజ్జాయింపుకే వాడాలి.

ప్లేట్ల దగ్గర లెక్క వేరు. ఎల్పీని డిస్టిల్డ్ వాటర్‌లో నాలుగో వంతు వరకు ఐసోప్రొపైల్ కలిపి, లేబుల్ తడవకుండా, గాడి వెంబడే తుడవవచ్చు. 78 ప్లేటుకు మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు. అది లక్కతో చేసినది, ఆల్కహాల్‌లో కరుగుతుంది. దానికి డిస్టిల్డ్ వాటర్, అందులో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు, అంతే. సూది కూడా వేరు. ఎల్పీ సూది మొన సుమారు 18 మైక్రాన్లు, 78కి సుమారు 75 మైక్రాన్లు కావాలి. ఎల్పీ సూదితో 78 వేస్తే మొన గాడి అడుగుకు దిగిపోయి దుమ్ము మీదే నడుస్తుంది, గరగర తప్ప ఏమీ రాదు. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్‌లో ఇనుప ముల్లుతో పాత ప్లేటు వేయవద్దు. ఆ బరువుకు గాడి అరుగుతుంది. మిగిలి ఉన్న నాలుగు ప్లేట్లనూ చేజేతులా అరగదీసుకున్నట్టే.

క్యాసెట్‌కు చెప్పిన మాట 78 దగ్గర తిరగబడుతుంది. ఇక్కడ రెండు చానళ్లూ కలపాలి. పాట గాడిలో పక్కలకు చెక్కి ఉంటుంది, దుమ్ము, గీతల చప్పుడులో చాలా భాగం పైకీ కిందికీ ఉంటుంది. కలిపితే పాట నిలబడుతుంది, ఆ చప్పుడు తగ్గుతుంది. ఇంకొకటి, ఫోనో ఆంప్లిఫయర్‌లో ఉండే ఆర్‌ఐఏఏ దిద్దుబాటు 1954 నుంచి వచ్చిన ఏర్పాటు. చెక్కేటప్పుడు బరువు శబ్దాలు తగ్గించి సన్నవి పెంచుతారు, వినేటప్పుడు దాన్ని తిరగేస్తారు. అంతకు ముందటి 78లకు అదే దిద్దుబాటు వేస్తే సన్నని శబ్దం చచ్చిపోతుంది. అందుకని ఫైల్లో ఆర్‌ఐఏఏను తిప్పికొట్టి, చెవికి సరిపోయేటట్టు మళ్లీ వేసుకోవాలి. 78 అన్న అంకెనూ పూర్తిగా నమ్మవద్దు, పాత ప్లేట్లు 76కీ 80కీ మధ్య ఎక్కడైనా చెక్కి ఉంటాయి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పాత టర్న్‌టేబుల్ సింక్రనస్ మోటారుది (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది) అయితే, అక్కడి 60 హెర్ట్జ్ బదులు మన 50 హెర్ట్జ్ కరెంటుకు ఆరింట ఐదు వంతుల వేగమే తిరుగుతుంది, 33⅓ బదులు 27.8.

కంప్యూటర్ వైపు పని తక్కువ. ల్యాప్‌టాప్ మైకు రంధ్రం వాడకూడదు. అది మోనో, పైగా మైకు కోసం కరెంటు పంపుతుంది. లైన్ ఇన్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్ఫేస్ కావాలి. ఎక్కువ శబ్దం వచ్చే చోట లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోవాలి. హమ్ము వస్తే టర్న్‌టేబుల్ గ్రౌండ్ తీగ బిగించి, ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద పడితే ఆ రోజుకు పని ఆపేయడం మేలు, చవక ఇన్వర్టర్ల అలలోని రొద రికార్డింగులోకి దిగుతుంది. క్యాసెట్లకు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు శబ్దాన్ని 48 వేల సార్లు కొలవడం) చాలు, గంటకు ఒక గిగాబైటు చిల్లర అవుతుంది. ప్లేట్లకు మాత్రం 96 పెడతాను. వినడానికి కాదు, గీతల చిటపటలు అప్పుడు పదునుగా కనిపించి తీసేయడం సులువవుతుంది. ఎఫ్‌ఎల్‌ఏసీ అనే ఫైలు రూపంలో దాచుకుంటే ఏమీ పోకుండా సైజు దాదాపు సగానికి వస్తుంది.

ఇక వాదం సంగతి. ఎల్పీని, దాని నుంచి పట్టిన ఫైలును ఒకేసారి నడిపి, ఒక స్విచ్చుతో మార్చుకుంటూ విని చూశాను. దీనికి ఒక నియమం ఉంది: రెండింటి శబ్దం ఖచ్చితంగా సమానంగా ఉండాలి. తంబూరా ఒక్కటే మోగే చోట స్పీకర్ తీగల దగ్గర మల్టీమీటర్ పెట్టి, ఏసీ వోల్టేజి తేడా 2 శాతం లోపు ఉండేలా సరిచేశాను. కొంచెం గట్టిగా ఉన్నదే మనిషి చెవికి బాగుంటుంది, ఈ కొలత లేకుండా చేసిన ఏ పోలికా చెల్లదు. అలా సమం చేసి, ఏది ఎటు ఉందో చూడకుండా విన్నప్పుడు నాకు తేడా దొరకలేదు. కారణం కూడా ఉంది. రొదకూ అత్యంత గట్టి శబ్దానికీ మధ్య 1982లో వచ్చిన సీడీకే 96 డెసిబెల్స్ చోటుంది, ఎల్పీకి 70 దాటదు, మామూలు క్యాసెట్‌కు 50 చిల్లర. డిజిటల్ అంటే శబ్దాన్ని మెట్లు మెట్లుగా కోయడమని చాలామంది అనుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు ఫైల్లోని కొలతల చుక్కల నుంచి నున్నటి అలే మళ్లీ తయారవుతుంది. 44.1 కిలోహెర్ట్జ్‌తో తీస్తే 20 కిలోహెర్ట్జ్ వరకు అల పూర్తిగా తిరిగి వస్తుంది.

అలాగని ఎల్పీ ప్రేమికుల చెవి తప్పు కాదు. వాళ్లు పోల్చేది ఎల్పీని దాని ఫైలుతో కాదు, అదే పాటలో మెల్లని చోట్లను కూడా గట్టిగా పెంచి కొత్తగా వదిలిన ప్రతితో, లేదా 128 కిలోబిట్ల ఎంపీ3తో. అక్కడ గరుకు నిజంగానే ఉంది. హరికథలో చిడతల దెబ్బకు ముందే ఒక చిన్న ఉస్సుమన్న మసక వస్తే అది తక్కువ బిట్‌రేటు ఎంపీ3 చేసిన పని. ఎల్పీకీ తన లోపం ఉంది. బయటి గాడి దగ్గర సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు జరుగుతుంటే, లోపలి గాడికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది, ఆ వైపు చివరి పాటలో స, ష అక్షరాలు చిట్లుతాయి.

రొద తగ్గించే పరికరాన్ని 6 డెసిబెల్స్‌కు మించి వాడను. 12 దాటితే తంబూరా నాదం నీళ్లలో మునిగినట్టు అయిపోతుంది. శుభ్రం చేసిన ప్రతి విడిగా, ముట్టని మొదటి ప్రతి విడిగా, రెండు వేరువేరు హార్డ్‌డిస్కుల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉంటే ఇంకా మంచిది. ఫైలు పేరులో విద్వాంసుడు, రాగం, తేదీ తెలిస్తే తేదీ, ఏ వైపు, ఏ డెక్ అన్నవి రాయాలి. క్యాసెట్లను చివరిదాకా తిప్పి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో నిలువుగా పెట్టండి. ఆ సంచులను వానాకాలం ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి మార్చాలి.