ఎడమచేతికి తెలియని పని

పాస్కా (ఈస్టర్) పండుగకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ నాడు పూజలో చదివే సువార్త భాగం ఏ ఏడాదీ మారదు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో దానం, ప్రార్థన, ఉపవాసం అనే మూడింటినీ ప్రభువు వరుసగా ప్రస్తావించి, వీటిని మనుషులు చూడాలని చేయవద్దని మూడుసార్లూ అదే హెచ్చరిక చేస్తాడు. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను" అన్న వాక్యం అక్కడిదే. విజయవాడలో గుణదల కొండకు దగ్గరగా ఉన్న ఒక కతోలిక ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఏళ్లకు పైగా నేను మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పాను. అన్నేళ్లలో ఈ వాక్యాన్ని వారికి ఎన్నిసార్లు వినిపించానో లెక్క లేదు గాని, దీన్ని నేర్పడం ఎంత కష్టమో నాకు తెలిసివచ్చింది మాత్రం చాలా ఆలస్యంగానే.

బడి నడిచేదే కనబడేవాటి మీద. చేయి ఎత్తిన పిల్లవాడికే జవాబు చెప్పే వంతు వస్తుంది, నోటు పుస్తకంలో ఎర్రసిరాతో 'గుడ్' అని రాస్తేనే ఇంట్లో అమ్మానాన్నలకు చదువు సాగుతున్నట్టు నమ్మకం కలుగుతుంది, అసెంబ్లీలో పేరు పిలిచి చప్పట్లు కొట్టించిన నాడే పిల్ల మొహం వెలుగుతుంది. అటువంటి చోట నిలబడి, మంచి చేయండి గాని అది ఎవరికీ తెలియనివ్వకండి అని చెప్పడం ఎదురీత వంటిదే.

ఒక ఏడాది విభూది బుధవారం పూజ ముగిసి పిల్లలు వరుసగా తరగతికి తిరిగి వస్తుండగా, ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె వరుసలోంచి పక్కకు తప్పుకొని నా కొంగు పట్టుకొంది. నుదుటి మీద బూడిదతో గీసిన సిలువ, చెమటకు కాస్త కరిగి కనుబొమల మధ్యకు జారుతోంది. "టీచర్, ఉపవాసం ఉన్నప్పుడు తల అంటుకొని మొహం కడుక్కోమని ఫాదర్ గారు ఇప్పుడే చదివారు కదండీ, మరి మనకు మొహాన ఈ బూడిద ఎందుకు పూశారండీ?" అని అడిగింది. పెద్దవాళ్లం ఎన్నో ఏళ్లుగా ఆ సువార్త విని, ఆ వెంటనే వెళ్లి బూడిద పూయించుకొంటున్నాం గాని ఈ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుందని నాకెన్నడూ తోచలేదు. ఆ నిమిషానికి నాకు తోచిన జవాబు చెప్పాను: "ఇది నువ్వు చేసిన మంచిపనికి గుర్తు కాదమ్మా, మనం మట్టిలోంచి వచ్చామని గుర్తు. గొప్ప చెప్పుకోవడానికి ఇందులో ఏముంది?" ఆ పిల్ల కాసేపు ఆలోచించి, అన్నం గంట కొట్టాక కుళాయి దగ్గరకు వెళ్లి కడిగేసుకొంది. తడిసిన వేలికి అంటిన నల్లటి మరకను ఎండలో ఎత్తిపట్టి చూసుకోవడం కిటికీలోంచి నాకు కనబడింది.

ఆ బూడిద ఎక్కడిదో కూడా పిల్లలకు తెలియాలని మా సిస్టర్లు పట్టుబట్టేవారు. కిందటేడు పాస్కాకు ముందటి మట్టల ఆదివారం నాడు చేతపట్టుకొని ఊరేగిన ఆకులనే దాచి, మరుసటి ఏడాది తపస్సు కాలం మొదలయ్యే ముందు కాల్చి బూడిద చేస్తారు. అందుకని ఫిబ్రవరిలో పిల్లలు ఇంటి నుంచి ఎండిన ఆకులు తెచ్చేవారు. మరియమాత పటం వెనుక ఏడాదిపాటు దోపి ఉంచినవి కనుక వాటికి అగరొత్తుల మసీ, సాలెగూడూ అంటుకొని ఉండేవి. నిరుడు జయజయధ్వానాలతో ఊపిన ఆకే ఈ ఏడు నుదుటి మీద మసిగా మారుతుందన్న సంగతిని నేను మాటల్లో చెప్పవలసిన అవసరమే ఉండేది కాదు, పెరట్లో ఆ మంట చుట్టూ నిలబడిన పిల్లలు దాన్ని కళ్లారా చూసేవారు.

ఇక్కడ ఒక చిన్న మాట. మా తరగతిలో సగానికి పైగా హిందువుల ఇళ్ల పిల్లలు, ముగ్గురో నలుగురో ముస్లింల పిల్లలు ఉండేవారు. బూడిద పెట్టించుకోవాలని వారిని ఎవరూ అడిగేవారు కాదు. కాని 'విభూది' అన్న మాట వారిలో చాలామందికి మాకంటే ముందే పరిచయం. మా తాతయ్య రోజూ మూడు అడ్డగీతలు పెట్టుకొంటారు, మీరు సిలువ పెట్టుకొంటారు, అంతేనా టీచర్ అని ఒక పిల్లవాడు అడిగినప్పుడు, గీతల అర్థాలు వేరని, మట్టిని తలచుకోవడంలో మాత్రం మీ తాతయ్యకూ మాకూ దగ్గరతనం ఉందని చెప్పాను. వేదాంతులు ఈ జవాబును ఒప్పుకొంటారో లేదో గాని ఆ పిల్లవాడు ఒప్పుకొన్నాడు.

కతోలిక తిరుసభ చట్టం ప్రకారం మాంసం మానవలసిన నియమం 14 ఏళ్లు నిండినవారికి, ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారికి వర్తిస్తుంది. కనుక మూడో తరగతి పిల్లల మీద ఏ నియమమూ లేదు. అయినా నలభై రోజులూ వారు ఊరికే ఉండకూడదని 'పిడికెడు బియ్యం' అలవాటు చేశాం. ఇంట్లో అమ్మ అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు పిల్ల తన చిన్న పిడికిలితో ఒక్క పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. పాస్కాకు ముందటి పవిత్ర వారం మొదలయ్యేలోగా ఆ డబ్బాలన్నీ బడికి వస్తాయి, బియ్యం ఒకే గోనెసంచిలో పోసి ఒక వృద్ధాశ్రమానికి పంపుతాం. లెక్కల్లో చురుకైనవాళ్లు విభూది బుధవారం నుంచి పాస్కా పండుగ ముందటి శనివారం దాకా వేళ్ల మీద లెక్కించి, నలభై కాదు టీచర్, నలభై ఆరు వస్తున్నాయి అనేవారు. ఆదివారాలు ప్రభువు పునరుత్థాన దినాలు గనుక వాటిని తపస్సులో లెక్కించరని, ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై సరిపోతుందని చెబితే, అయితే ఆదివారం బియ్యం తీయనక్కర్లేదా అని వెంటనే అడిగేవారు. తీస్తే ఆశ్రమంలో వద్దంటారా అనేదాన్ని.

ఒకే సంచి అన్న ఆ నియమం సిస్టర్లు పెట్టినదే, దాని విలువ నాకు తర్వాత బోధపడింది. బాపట్ల సన్నాలు తెచ్చిన పిల్లా, రేషన్ బియ్యం తెచ్చిన పిల్లా ఒకరి తర్వాత ఒకరు డబ్బా ఒంపేసరికి ఎవరివి ఏ గింజలో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక శుక్రవారాల్లో ఎండ ముదరకముందే సిలువ మార్గం, అంటే ప్రభువు సిలువ మోసిన ఘట్టాలను ఒక్కో స్థలం దగ్గర ఆగి తలచుకొనే ప్రార్థన, చేయించేవాళ్లం. పద్నాలుగు స్థలాల్లో పిల్లలు ఎక్కువగా ఇష్టపడేది ఆరవ స్థలాన్ని. వెరోనిక అన్న స్త్రీ గుంపును చీల్చుకొని వచ్చి ప్రభువు ముఖాన్ని తుడిచిందని అక్కడ ధ్యానిస్తాం. సువార్తల్లో ఆమె పేరు ఎక్కడా లేదు, సంప్రదాయమే ఆమెను మనకు అప్పగించింది. సిలువను ఆపలేకపోయిన మనిషి కనీసం ఒక గుడ్డ ఇవ్వగలిగిందన్నది పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే వారి చేతనయ్యే పనులన్నీ ఆ కొలతవే.

ఏడాదిలో మిగతా పండుగలు మా బడిలో చప్పున వచ్చి వెళ్లేవి. ఆగస్టు 15న ముందు జెండా ఎగురవేసి, జాతీయగీతం పాడి, ఆ తర్వాత మరియమాత మోక్షారోపణ పండుగ పూజకు వెళ్లేవాళ్లం, పంచిన మిఠాయి ఏ పండుగదో ఎవరూ అడిగేవారు కాదు. సెప్టెంబరు 8న మాత పుట్టినరోజు, అక్టోబరు నెలంతా మధ్యాహ్నం ఒక పదిపూసల జపమాల. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లు మాత్రం అలా వెళ్లిపోయేవి కావు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దు గుహ దగ్గర బెర్నదెత్త అనే బాలికకు మాత కనిపించిన రోజును స్మరించే ఆ పండుగకు 9వ తేదీ నుంచే ఏలూరు కాలువ గట్టు పొడవునా జనం నడిచి వస్తుంటే, పిల్లల చెవులు పాఠం మీద నిలిచేవి కావు. 2024లోనైతే తిరునాళ్లు ముగిసిన మూడో రోజే విభూది బుధవారం వచ్చింది. జీళ్లు, బూరలు, రంగులరాట్నం ముచ్చట్లు ఇంకా నోట ఉండగానే నుదుటికి బూడిద అంటింది.

నేను చెప్పదలచిన అసలు సంగతి ఆగమన కాలానిది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఎదురుచూపు రోజులు. ఆ రోజుల్లో తరగతి మూలలో ఖాళీ పశువుల తొట్టెను పెట్టి, పక్కన గన్నవరం వైపు నుంచి తెచ్చిన వరిగడ్డి మోపు ఉంచుతాం. డిసెంబరు మొదట్లో డెల్టాలో కోతలు సాగుతుంటాయి గనుక ఆ గడ్డికి పచ్చి వాసన ఇంకా పోయి ఉండదు. ఎవరికీ చెప్పకుండా ఒక మంచిపని చేసిన పిల్లవాడు ఒక్క పరక తీసి తొట్టెలో వేయాలి. బాలయేసు వచ్చేసరికి పడక మెత్తగా ఉండాలన్నది ఆచారం. కతోలిక బడుల్లో ఇది చాలా దేశాల్లో ఉన్నదే.

ఒక ఏడాది నాకు అతితెలివి పుట్టింది. తరగతిని మల్లె, బంతి, కలువ, గులాబీ అని నాలుగు జట్లు చేసి, ఏ జట్టు ఎన్ని పరకలు వేసిందో గోడ మీద చార్టు కట్టాను. రెండో వారానికే తొట్టె పొంగిపొర్లింది. బంతి జట్టు పిల్లవాడు ఒకడు గుప్పెళ్లకొద్దీ తెచ్చి వేస్తుంటే ఇన్ని మంచిపనులు ఎప్పుడు చేశావురా అని అడిగాను. "మా జట్టు వెనకబడిపోయింది కదా టీచర్" అన్నాడు, ఏ కపటమూ లేకుండా. తప్పు వాడిది కాదు. ఆ సాయంత్రమే చార్టు చింపి, తొట్టెను ఖాళీ చేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించాను. ఈసారి తొట్టె ముఖాన్ని గోడవైపు తిప్పి, అన్నం గంటలో తరగతి ఖాళీగా ఉన్నప్పుడే పరక వేయాలని, నేను అటు చూడనని మాట ఇచ్చాను.

చూసేవాళ్లు లేకపోయేసరికి పరకలు తగ్గిపోయాయి. సెమీ క్రిస్మస్ నాటికి తొట్టె సగం కూడా నిండలేదు. సెమీ క్రిస్మస్ అంటే నాకు మొదటి నుంచీ కొంత గుర్రే. 25వ తేదీకి బడి సెలవు గనుక ముందే కేకు కోసి, క్రిస్మస్ తాతను ఆడించి పంపడం వల్ల నాలుగు వారాల ఎదురుచూపు మూడో వారంలోనే తెగిపోతుంది. ఆ తాత మూలం నాలుగో శతాబ్దపు మైరా పీఠాధిపతి పునీత నికోలాసు. పెళ్లి చేయలేని పేద తండ్రి ఇంట్లోకి రాత్రివేళ కిటికీలోంచి బంగారం విసిరి, కనబడకుండా వెళ్లిపోయాడని ఆయన గురించి చెప్పుకొంటారు. అంత గుట్టుగా ఇచ్చిన మనిషికి ఎర్రకోటు తొడిగి, మైకులో పాట పెట్టి గంతులు వేయిస్తున్నాం.

ఆ సెమీ క్రిస్మస్ ముందటి సాయంత్రం అందరూ వెళ్లాక నేను తరగతిలో ఒంటరిగా ఉండిపోయాను. మర్నాడు సిస్టర్ గారు, తల్లిదండ్రులు వచ్చి సగం తొట్టెను చూస్తారన్న ఆలోచన నన్ను పీడించింది. మోపులోంచి రెండు చేతులా గడ్డి తీసి తొట్టె నింపాను. ఆ ఏడాది ఎవరికీ తెలియకుండా నేను చేసిన పని అదొక్కటే, అది కూడా నలుగురూ చూడాలని చేసినది. మర్నాడు పిల్లలు నిండిన తొట్టెను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకొన్నారు గాని ఎవరూ ఏమీ అనలేదు.

1223లో అస్సీసి పునీత ఫ్రాన్సిస్ ఇటలీలోని గ్రెచ్చియో ఊళ్లో మొదటిసారి పశువుల పాకను కట్టి, నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి, గడ్డి వేసిన తొట్టె దగ్గర క్రిస్మస్ పూజ జరిపించాడు. ఆయన జీవితాన్ని తొలిసారి గ్రంథస్థం చేసిన సన్యాసి, ఆ తొట్టెలోని గడ్డిని దాచి ఉంచి జబ్బుపడిన పశువులకు పెడితే నయమయ్యేదని రాశాడు. ఈ సంగతి చదివినప్పటి నుంచి మా బడిలో గడ్డిని చెత్తలో పారేయనివ్వలేదు. ప్రభువు జ్ఞానస్నాన పండుగతో క్రిస్మస్ కాలం ముగుస్తుంది, ఇంచుమించు అదే సమయానికి సంక్రాంతి సెలవులు ఇస్తారు. పాకను విప్పి, గడ్డినంతా మోపుగా కట్టి, మా వాచ్‌మన్ ఇంటి గేదెకు పంపేవాళ్లం. ఆ ఏడాది మోపును నేనే పట్టుకెళ్లాను. కనుమకు కొమ్ములకు రంగు వేయించుకోబోయే ఆ గేదె మోపు విప్పకముందే మూతి పెట్టింది. పిల్లలు ఒక్కొక్కటిగా వేసిన పరకలేవో, ఆ సాయంత్రం నేను రెండు చేతులా వేసినవేవో ఎంచకుండా, తోక ఊపుకొంటూ అంతా నమిలేసింది.