‘థ’ మధ్యలో చుక్క

మొదట ఊడిపడింది ‘థ’ మధ్యలో చుక్క.

మేం కొంతమందిమి కలిసి నడుపుతున్న పుస్తకాల గది బయటి గోడకి ‘గ్రంథాలయం’ అని నల్లటి యాక్రిలిక్ ప్లాస్టిక్ అక్షరాలు పెట్టాం. ఒక్కో అక్షరం ఎత్తు 300 మిల్లీమీటర్లు, మందం మాత్రం 3 మిల్లీమీటర్లే. గోడ పూత లేని ఇటుక గోడ. ‘థ’ కడుపులో చుక్క విడి ముక్క, పెద్ద బొత్తాం అంత ఉంటుంది. అది రాలిపోయిన రోజు నుంచి గోడ మీద పేరు ‘గ్రంధాలయం’ అయిపోయింది. ఆ మాటని అలా తప్పుగా రాసేవాళ్లు ఎటూ ఉన్నారు. పుస్తకాలు దాచుకున్న ఇంటి ముందే ఆ తప్పు వేలాడుతుంటే నాకు మనసు ఒప్పలేదు. పేరు పెట్టే పని నాదే కాబట్టి సరిచేసే పని కూడా నామీద వేసుకున్నాను.

అప్పుడు వాడింది రెండు వైపులా జిగురున్న ఫోమ్ టేపు. గోడని తడిగుడ్డతో తుడిచి, ఆరాక అక్షరాలు అదిమాం. మొదటి వారం రాయిలా ఉన్నాయి. ఎండలు ముదిరాక చుక్క పోయింది, తర్వాత సున్న, ఆ తర్వాత ‘ల’ ఒక చెంప పైకి లేచింది.

పడిన చుక్కని తిప్పి చూశాను. టేపు అక్షరానికి గట్టిగానే పట్టుకుని ఉంది. టేపు రెండో ముఖం మీద సన్నటి ఎర్రటి పొడి పరుచుకుని ఉంది. అందులోనూ సగమే ఎర్రగా ఉంది, మిగతా సగం శుభ్రంగా మెరుస్తోంది. గోడ దగ్గరికి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. చుక్క సరిగ్గా రెండు ఇటుకల మధ్య సందు మీద పడింది. సందులో సిమెంటు ఇటుక ముఖం కన్నా లోపలికి ఉంది కాబట్టి టేపులో సగం దేనికీ తగలనే లేదు. తగిలిన సగమూ పొడికే తగిలింది.

దగ్గర్లో పని చేసుకుంటున్న పెద్ద మేస్త్రీ ఒకాయన వచ్చి చూశాడు. ‘అరచెయ్యి పెట్టి రుద్ది చూడు బాబూ’ అన్నాడు. రుద్దితే చెయ్యంతా ఎర్రబడింది. ‘నీ టేపు పట్టుకున్నది దీన్నే. ఇది రాలితే అదీ రాలుతుంది’ అన్నాడు. అక్కడక్కడా తెల్లగా ఉప్పు పట్టిన మచ్చలు కూడా చూపించాడు. ఇటుక లోపలి చెమ్మ బయటికొస్తూ ఉప్పుని మోసుకొస్తుంది, నీరు ఆరిపోయాక ఉప్పు పైన మిగులుతుంది. దాని మీద ఏ జిగురు పూసినా జిగురుకీ ఇటుకకీ మధ్య ఆ పొర ఉండనే ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుందని, పొడిగా ఉన్నప్పుడే బ్రష్షుతో దులిపెయ్యాలని ఆయన చెప్పే దాకా నాకు తట్టలేదు.

రెండోసారి గోడని ఇనుప బ్రష్షుతో రుద్ది, దుమ్మంతా ఊది, బలమైన ఎపాక్సీ జిగురు వేశాను. ఈసారి గోడ వదల్లేదు. అక్షరాలు పగిలాయి. ‘ల’ మెలిక సన్నబడే చోట వెంట్రుకంత గీత పడి, కొన్నాళ్లకి రెండు ముక్కలైంది. ‘య’ది కూడా అదే దారి.

కారణం లెక్క వేస్తే తెలిసిపోతుంది. యాక్రిలిక్ ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాని పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 70 వంతులు సాగుతుంది. మట్టి ఇటుక సాగేది అందులో పదో వంతు దరిదాపుల్లోనే. నల్ల అక్షరం ఎండని తాగేస్తుంది కాబట్టి తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడా రావడం పెద్ద విషయం కాదు. అంటే 300 మిల్లీమీటర్ల అక్షరం రోజూ 0.8 మిల్లీమీటర్లకి పైగా సాగి మళ్లీ ముడుచుకుంటుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక కదలనివ్వదు. గోడ కదలదు, జిగురు కదలదు, ఆ లాగుడంతా అక్షరంలో అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట పడుతుంది. మన అక్షరాల్లో అలాంటి సన్నటి మెలికలు ఎన్ని ఉంటాయో చెప్పక్కర్లేదు.

ఆ దఫా ఇంకో పొరపాటు కూడా చేశాను. అంచుల్లో పొంగిన ఎపాక్సీని థిన్నర్ ముంచిన గుడ్డతో తుడిచాను. కాసేపటికే అంచుల వెంబడి సాలెగూడు లాంటి పగుళ్లు పాకాయి. లేజర్‌తో కోసిన యాక్రిలిక్ అంచులో వేడి వల్ల బిగువు మిగిలి ఉంటుంది, అక్కడ థిన్నరో స్పిరిటో తగిలితే ఆ బిగువు పగుళ్లుగా బయటపడుతుంది. యాక్రిలిక్‌ని తుడవడానికి రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

మూడోసారికి అక్షరాలన్నీ కొత్తగా కోయించాల్సి వచ్చింది. లోపలి మూలలు కోసుగా కాకుండా కాస్త గుండ్రంగా ఉండేలా గీయించాను. పగులు ఎక్కువగా కోసు మూలలోనే మొదలవుతుంది. ఇక అతికించే పద్ధతి మొత్తం మార్చేశాను. అక్షరాన్ని గోడకి అంటించడం మానేసి, గోడ ముందు నిలబెట్టాలనుకున్నాను.

3 మిల్లీమీటర్ల రేకులో మర పడదు. అందుకని 8 మిల్లీమీటర్ల మందం యాక్రిలిక్ నుంచి చిన్న గుండ్రటి బిళ్లలు కోయించాను. బిళ్ల మధ్యలో 3.3 మిల్లీమీటర్ల రంధ్రం అవతలికి పోకుండా వేసి, అందులో ఎమ్4 మర, అంటే 4 మిల్లీమీటర్ల కడ్డీ పట్టే మర, తీశాను. ఆ బిళ్లల్ని అక్షరం వెనక యాక్రిలిక్ అతుకు ద్రావకంతో, అంచులకి దూరంగా అతికించాను. ఆ ద్రావకం రెండు ముఖాల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది, అందుకే నీళ్లలా పాకి అంచు దాకా పోనివ్వకూడదు. బిళ్ల ఆరాక అందులోకి 50 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు మర కడ్డీ బిగించాను. పెద్ద అక్షరానికి మూడు కడ్డీలు, సున్నకి రెండు, చుక్కకి ఒకటి. చుక్క గుండ్రమే కాబట్టి ఒక్క కడ్డీ మీద తిరిగినా తేడా ఉండదు.

తర్వాత పెద్ద పని కాగితం మూస. పేరు మొత్తం అసలు కొలతలో కాగితం మీద అచ్చు వేయించాను. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. కడ్డీలు ఉండేది అక్షరం వెనక, మనం గోడని చూసేది ముందు నుంచి. వెనక నుంచి కొలుచుకున్న గుర్తుల్ని అలాగే కాగితం మీద పెడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. కాగితాన్ని బోర్లించి, వెలుతురుకి ఎదురుగా పెట్టి, వెనక్కి కనబడుతున్న గీతల మీద అక్షరాల్ని బోర్లా పేర్చి, కడ్డీల చోట్లు గుర్తు పెట్టుకుని, సూదితో పొడిచాను. కాగితం తిప్పితే రంధ్రాలు సరైన చోట ఉన్నాయి.

మూసని గోడకి పెట్టేటప్పుడు రసమట్టం చూసుకున్నాను. మట్టం సరిగ్గానే ఉంది, కానీ కొంచెం దూరం వెళ్లి చూస్తే పేరు పక్కకి వాలినట్టు కనబడింది. వాలింది ఇటుకల వరస. రెండు మీటర్లలో ఒక సెంటీమీటరు దిగింది. కన్ను రసమట్టాన్ని చూడదు, పక్కనున్న ఇటుకల వరసనే చూస్తుంది. వరసకి సమానంగా జరిపాక పేరు నిటారుగా నిలబడ్డట్టు అనిపించింది. ఇంకోటి, ‘థ’, ‘ల’ లాంటి వాటి అడుగు గుండ్రం. గీత మీదే ఆనిస్తే తేలినట్టుంటాయి, రవ్వంత కిందికి దించాలి. ‘గ’ కింద రవొత్తు మా అచ్చులో విడి ముక్క, దాన్ని మూసలో ఉన్న చోటే నమ్మాను, చేత్తో సర్దలేదు.

డ్రిల్ కాగితం మీంచే వేశాను. ముందు 4 మిల్లీమీటర్ల బిట్టుతో గుర్తు, తర్వాత 8తో అసలు రంధ్రం, లోతు 50 మిల్లీమీటర్లు. ఇటుక అంచులు ఊడిరాకుండా డ్రిల్‌లో సుత్తిలా కొట్టే హామర్ పద్ధతి ఆపేసి నెమ్మదిగా తిప్పాను. ఇటుకకీ సిమెంటుకీ సరిహద్దులో గుర్తు పడితే బిట్టు మెత్తటి వైపు జారుతుంది. అలాంటివి రెండు వచ్చాయి, ఆ కడ్డీల చోటు మార్చి బిళ్లల్ని మళ్లీ అతికించాను. కళ్లద్దాలు, మాస్కు లేకుండా ఈ పని చెయ్యకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. రంధ్రంలో దుమ్ము మిగిలితే మొదటి దఫా కథే పునరావృతం అవుతుంది కాబట్టి సన్న బ్రష్షుతో తిప్పడం, ఊదడం, మళ్లీ తిప్పడం, మళ్లీ ఊదడం చేశాను.

రంధ్రాల్లో నింపడానికి సిలికాన్ తెచ్చేటప్పుడు ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్ (ఆమ్లం వదలకుండా ఆరే రకం) అని ఉందో లేదో చూసుకున్నాను. పుల్లటి వెనిగర్ వాసన కొట్టే రకం ఆరుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. సిమెంటు క్షారం, ఆ రెంటికీ పొత్తు కుదరదు, కొన్నాళ్లకి పట్టు వదులుతుంది. న్యూట్రల్ రకం గోడని పట్టుకుని ఉంటుంది, ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది. 4 మిల్లీమీటర్ల కడ్డీకి 8 మిల్లీమీటర్ల రంధ్రం వేసింది అందుకే. చుట్టూ ఉన్న ఆ రెండేసి మిల్లీమీటర్ల సిలికాన్ రోజువారీ సాగుడుని మింగేస్తుంది.

రంధ్రం మూడొంతులు నింపి, కడ్డీల్ని మెల్లగా లోపలికి తోశాను. బిళ్లలు గోడకి ఆనగానే ఆగిపోయాయి, అక్షరం గోడకి 8 మిల్లీమీటర్ల దూరంలో నిలబడింది. వాన నీరు వెనక నుంచి జారిపోతుంది, గాలి ఆడుతుంది. కాగితపు టేపుతో పట్టించి వారం రోజులు ముట్టుకోలేదు. సిలికాన్ గాలిలో తేమని తీసుకుని బయటి నుంచి లోపలికి ఆరుతుంది, రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లే. లోతైన రంధ్రంలో ఇంకా ఆలస్యం. అక్షరాల ముందున్న రక్షణ కాగితం మాత్రం టేపుతో పాటే తీసేశాను, ఎండలో వదిలేస్తే అది ఎండిపోయి గోరుతో గీకినా రాదు.

అప్పటి నుంచి రెండు వేసవులు గడిచాయి. ఒక్కో అక్షరాన్ని వేలితో నొక్కి చూస్తుంటాను. కొంచెం లోపలికి వెళ్లి, వేలు తియ్యగానే మళ్లీ తన చోటికి వస్తుంది. కోయించేటప్పుడు ‘థ’ చుక్కలు రెండు ఎక్కువ కోయించాను. కాగితం మూసలో చుట్టి బీరువా పై అరలో ఉంచాను, మూస మీద గోడలో రంధ్రాల లోతు కూడా రాసి పెట్టాను.