మా తమ్ముణ్ణి ఒడ్డు చేర్చిన జలాశ్వ

మా చిన్నాన్న కొడుకు మాల్దీవుల్లో ఓ రిసార్టు వంటగదిలో పనిచేసేవాడు. 2020లో లాక్‌డౌన్ పడి విమానాలు ఆగిపోయాక మైదుకూరులో మా పిన్నమ్మకు ఒకటే టెన్షన్, కంటికి నిద్ర లేదు. మే 8న వాడు ఫోన్ చేసి "అన్నా, నేవీ షిప్పు ఎక్కినా, అమ్మకు చెప్పు" అన్నాడు. మాలే నుంచి 698 మందితో బయల్దేరిన ఆ షిప్పే ఐఎన్ఎస్ జలాశ్వ. అందులో గర్భిణులే 19 మంది. 10వ తేదీ పొద్దున కొచ్చిలో దిగారు.

సముద్రం లేని కడప జిల్లావాణ్ణి, అప్పట్నుంచి ఆ షిప్పు గురించి దొరికిందల్లా చదువుతున్నా. అది పుట్టింది అమెరికాలోని సియాటిల్‌లో. 1971లో ట్రెంటన్ అనే పేరుతో వాళ్ళ నేవీలో చేరింది. శత్రువు ఒడ్డున సైన్యాన్ని దింపడం దాని పని. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పని అటాక్ ట్రాన్స్‌పోర్ట్ షిప్పులు చేసేవి, సైనికులు బరువు మోసుకుంటూ షిప్పు పక్కన వేలాడే తాళ్ళ వల పట్టుకుని, అలలకు ఎగిరెగిరిపడే చిన్న పడవల్లోకి దిగాల్సి వచ్చేది. ట్రెంటన్‌లో ఆ బాధ తగ్గింది. షిప్పు అడుగు ట్యాంకుల్లో నీళ్ళు నింపి వెనక భాగాన్ని కిందికి దించుతారు, పెద్ద తలుపు తెరుస్తారు, చెరువు తూము ఎత్తితే కాలువలోకి వచ్చినట్టు సముద్రం లోపలికొస్తుంది, షిప్పు కడుపులో ఉన్న పడవలు మనుషులతో, బండ్లతో సహా తేలుకుంటూ బయటికి పోతాయి.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. 1991 జనవరిలో సోమాలియా రాజధాని మొగదిషు తగలబడుతుంటే గువామ్ అనే షిప్పుతో కలిసి 281 మందిని బయటికి తెచ్చింది ఈ ట్రెంటనే. 2006లో లెబనాన్ యుద్ధంలోనూ జనాన్ని మోసింది. అంటే మా తమ్ముడికి చాలా ముందు నుంచే ఇది దిక్కులేనివాళ్ళను ఒడ్డు చేరుస్తోంది.

2007లో మన నేవీ కొని జలాశ్వ అని పేరు పెట్టింది, నీటిగుర్రం అని అర్థం. ఇల్లు విశాఖపట్నం. 2008 ఫిబ్రవరిలో లోపల విషవాయువు లీకై మన నావికులు చనిపోయారు. వాళ్ళను తలచుకోకుండా ఈ కథ చెప్పబుద్ధి కాలేదు.

పాత షిప్పు ఎందుకు కొన్నారని అడిగేవాళ్ళున్నారు. ఆ కడుపులో చోటుంది కాబట్టే కదా కొచ్చి తర్వాత మళ్ళీ మాలే, ఆ తర్వాత కొలంబో, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ దాకా పోయి మనవాళ్ళను తెచ్చింది!

సైనికుల మంచం మీద పడుకుని వచ్చినా అన్నాడు తమ్ముడు. కొచ్చిలో దిగాక కూడా రెండు రోజులు నేల ఊగుతున్నట్టే ఉండిందంట.