ఇవాళ బడిలో నులిపురుగుల మాత్రలు

"మింగేయకమ్మా, నమలాలి... ఊ, ఇంకొంచెం!" భోజనాలయ్యాక మా ఒకటో తరగతి వరుస ముందు ఆశా అక్క మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కరినీ బతిమాలుతోంది. ఒక పాప మాత్రని బుగ్గలో దాచేసింది. "ఏదీ, ఆ... అను" అంటూ నోరు ఖాళీ అయ్యేదాకా అక్క కదల్లేదు. ఎంత ఓపికో!

ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్రే. కడుపులో పురుగులుంటే పిల్లలు ఎంత తిన్నా ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, క్లాసులో నీరసంగా ఉంటారు. జ్వరమొచ్చిన పిల్లలకి ఇవాళ వెయ్యలేదు, మాప్ అప్ రోజున, అంటే ఇవాళ తప్పిపోయిన పిల్లలకి మళ్లీ మాత్రలిచ్చే రోజున, వేస్తారు.

"కడుపునొప్పి వస్తుందట" అని కొంతమంది పిల్లల్ని బడికే పంపలేదు. పురుగులు ఎక్కువున్న పిల్లలకి కాస్త వికారం, నొప్పి రావచ్చు, కాసేపటికి తగ్గిపోతుంది. ఆ టెన్షన్‌తో మాత్రే మానిపిస్తే నష్టం పిల్లలకే కదా.

రేపు సాయంత్రం అక్కతో పాటు నేనూ వాళ్ల ఇళ్లకి వెళ్తున్నాను.