శిక్షణకు వెళ్లేటప్పుడు సంచిలో ఇరవై తెలుగు పుస్తకాలు

లైబ్రరీ పనులు కంప్యూటర్లో చేసే కోహా అనే సాఫ్ట్‌వేర్ మీద వర్క్‌షాప్ అనగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి లైబ్రేరియన్లు సెలవు పెట్టుకుని మరీ విశాఖ వెళ్తారు. ఐదు రోజులు శ్రద్ధగా కూర్చుంటారు, సర్టిఫికెట్ తీసుకుని తిరిగొస్తారు. నెల తిరిగేసరికి నేర్చుకున్నదాంట్లో సగం చేజారిపోతుంది. తప్పు వాళ్లది కాదు. అక్కడ చూపించినవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు, ఇక్కడ బీరువాల్లో ఉన్నవి తెలుగువి. అక్కడ ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చేసే గుర్తింపు నంబరు) కొట్టగానే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సర్వర్ నుంచి రికార్డు, అంటే పుస్తకం వివరాలు, దానంతటదే దిగుతుంది. ఇక్కడ 1962లో అచ్చయిన నవలకి ఐఎస్‌బీఎన్ ఎక్కడిది? మొత్తం చేత్తో ఎక్కించుకోవాల్సిందే, ఆ పనేమో అక్కడ ఎవరూ చూపించలేదు.

అందుకని ఏ శిక్షణకు వెళ్లినా మీ లైబ్రరీ నుంచి ఇరవై పుస్తకాలు వెంట తీసుకెళ్లండి. బాగున్నవి కాదు, ఇబ్బంది పెట్టేవి. టైటిల్ పేజీ ఊడిపోయినది ఒకటి, కలం పేరుతో వచ్చినవి రెండు మూడు, బెంగాలీ నుంచి అనువాదమైన నవల, పదిమంది రచయితల కథల సంకలనం, నాలుగు సంపుటాల్లో మూడే ఉన్న సెట్టు, పాత పత్రికల బైండు, గ్రూప్-2 గైడు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లయితే ఒడియా పుస్తకం కూడా ఒకటి. పుస్తకాలు మోయలేకపోతే టైటిల్ పేజీ ముందూ వెనకా ఫొటోలు తీసుకెళ్లినా చాలు. రెండో రోజు మధ్యాహ్నం ప్రాక్టికల్స్ మొదలవగానే వాళ్లిచ్చిన పుస్తకాలు పక్కన పెట్టి మీవి ఎక్కించడం మొదలుపెట్టండి. అడగాల్సిన ప్రశ్నలు అప్పుడే పుడతాయి.

పుస్తకం వివరాలను మార్క్ 21 అనే పద్ధతిలో నంబర్లున్న గళ్లలో రాస్తాం, ఆ గళ్లే ఫీల్డులు. మొదట తగిలేది 245, అంటే పుస్తకం పేరు రాసే ఫీల్డు. దాని ముందు రెండు అంకెలు ఉంటాయి. రచయిత పేరు 100 ఫీల్డులో ఇచ్చి ఉంటే మొదటి అంకె 1, రచయిత ఫీల్డే లేకపోతే 0. పేరును అక్షరక్రమంలో పెట్టేటప్పుడు మొదటి ఎన్ని అక్షరాలు వదిలేయాలో రెండో అంకె చెబుతుంది. ఇంగ్లీషులో పేరు 'ది'తో మొదలైతే ఖాళీతో కలిపి 4 వేస్తారు. తెలుగులో అలాంటి మాట లేదు కాబట్టి ఎప్పుడూ 0. అలవాటు కొద్దీ 4 ఉంచేస్తే ముందు నాలుగు అక్షరాలు ఎగిరిపోయి పుస్తకం వరసలో ఎక్కడో తేలుతుంది. గుణింతం గుర్తును కూడా కంప్యూటరు విడి అక్షరంగానే లెక్కపెడుతుంది. అంటే 'కా'లో ఉన్నవి రెండు. ఈ సంగతి తెలియకపోతే వరస ఎందుకు చెడిందో ఎంత వెతికినా దొరకదు.

అంతకన్నా పెద్ద చిక్కు పేర్లతో. మనకి ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి తిప్పి రాయాల్సిన పని లేదు. 'గురజాడ' తర్వాత కామా పెట్టి 'అప్పారావు' అని రాసి, మొదటి అంకె 1 వేస్తే సరిపోతుంది. చాసో (కథకుడు చాగంటి సోమయాజులు) లాంటి కలం పేరుకు కామా ఉండదు, అంకె 0. అసలు పని ఆ తర్వాత ఉంది. విజయనగరంలో చాసో పుస్తకాలు లేని లైబ్రరీ ఉండదు. ఒక పుస్తకం 'చాసో' అని, ఇంకొకటి 'చాగంటి సోమయాజులు' అని, మూడోది 'సోమయాజులు, చాగంటి' అని ఎక్కిస్తే కంప్యూటరు లెక్కలో ఆయన ముగ్గురు మనుషులు. 'చాగంటి' అని వెతికిన పాఠకుడికి ప్రవచనాల పుస్తకాలు దొరుకుతాయి గానీ 'చాసో' అని ఎక్కించిన పుస్తకం దొరకదు.

దీనికి మందు అథారిటీ రికార్డు. రచయితకు ఒక్క రికార్డు తయారుచేసి, 100లో మీరు ఖాయం చేసుకున్న పేరు, 400లో మిగతా రూపాలన్నీ ఒక్కొక్కటిగా ఇవ్వాలి. 'కాళీపట్నం, రామారావు' 100లో ఉంటే 'కారా' 400లోకి వెళ్తుంది. 'రావిశాస్త్రి' 100లో ఉంటే 'రాచకొండ, విశ్వనాథశాస్త్రి' 400లోకి వెళ్తుంది. పుస్తకం ఎక్కించేటప్పుడు పేరు టైపు చేయకుండా ఈ రికార్డులోంచే ఎంచుకోవాలి. కోహాలో 'ఇన్‌క్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సెర్చెస్' అనే సెట్టింగు పెట్టి, ఇండెక్సు (వెతకడానికి కోహా వాడే సూచిక) మొత్తం మళ్లీ కట్టిస్తే 400లో ఉన్న పేరుతో వెతికినా పుస్తకం వస్తుంది. రెండోది మరిచిపోయి సెట్టింగు పనిచెయ్యడం లేదనుకునేవాళ్లే ఎక్కువ. చాలా శిక్షణల్లో అథారిటీని ఆఖరి రోజు అరగంటలో ముగించేస్తారు. తెలుగు లైబ్రరీకి మాత్రం ఒక పూటంతా దానికే కావాలి. ఎవరు శిక్షణ పెట్టినా ఈ సమయం అడిగి తీసుకోండి.

అనువాదాలకు 041 ఉంది. అక్కడ మొదటి అంకె 1 వేసి, సబ్‌ఫీల్డ్ (ఫీల్డులోని చిన్న భాగం) ఏలో తెలుగు కోడు, హెచ్‌లో మూలభాష కోడు ఇస్తే, రేపెవరైనా బెంగాలీ నుంచి వచ్చిన నవలలన్నీ కావాలని అడిగినప్పుడు జాబితా నిమిషంలో తీసివ్వొచ్చు.

ఇక టైపింగు. పాత జాబితాలు అనూ ఫాంట్లలో ఉంటే వాటిని నేరుగా ఎక్కించకూడదు. అవి తెరమీద తెలుగులా కనబడతాయి గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులన్నీ కంటితో చూసి దిద్దాలి. యూనికోడ్‌లో టైపు చేసినా ఒక ఉచ్చు ఉంది. 'రాజ్‌కుమార్' అని పొల్లు విడిగా కనబడాలంటే మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పడుతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా 'రాజ్కుమార్' అని కొడితే కంప్యూటరుకి అవి రెండు వేర్వేరు మాటలు. ఏదో ఒక పద్ధతి ముందే ఖాయం చేసి, కాగితం మీద రాసి టైపు చేసేవాళ్ల బల్లకి అంటించండి. 'సంపాదకుడు', 'సంపాదకులు' లాంటివి కూడా ఆ కాగితం మీదే తేల్చుకోవాలి.

ఎక్సెల్‌లో రాసుకుని మార్క్‌ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో మార్క్ రికార్డులుగా మార్చి ఎక్కించే పద్ధతి మంచిదే. ఎక్కువ పుస్తకాలున్నచోట అదే దారి. అందులో రెండుచోట్ల దెబ్బ తింటారు. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, కాబట్టి 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోవాలి. రెండోది అక్సెషన్ నంబర్లది, అంటే లైబ్రరీ ప్రతి పుస్తకానికీ ఇచ్చే వరస నంబర్లది. 000457 అని కొడితే ఎక్సెల్ ముందున్న సున్నాలు తీసేసి 457 చేస్తుంది. బార్‌కోడ్ మీద మాత్రం 000457 ఉంటుంది, స్కానర్ కొడితే పుస్తకం లేదంటుంది. ఆ నిలువు వరసను టైపు చెయ్యకముందే 'టెక్స్ట్'గా మార్చుకోవాలి, తర్వాత మారిస్తే పోయిన సున్నాలు తిరిగి రావు. బార్‌కోడ్ లేబుళ్లు ఏ4 షీటుకి 65 వచ్చే రకం దొరుకుతుంది. వెయ్యి పుస్తకాలకి లెక్క ప్రకారం 16 షీట్లు, పాడయ్యేవి కలుపుకుని 18 కొనండి.

కోహా పెట్టించాక తెలుగులో వెతికితే సగం ఫలితాలే వస్తున్నాయంటే కారణం సాధారణంగా జీబ్రా (కోహాలో ఇండెక్సు కట్టే సాఫ్ట్‌వేర్) ఇండెక్సింగు. అది మొదట్లో ఇంగ్లీషు లిపికి సరిపోయేలా ఉంటుంది. డిఫాల్ట్ డాట్ ఐడీఎక్స్ అనే ఫైల్లో చార్‌మ్యాప్ అన్న వరసల బదులు ఐసీయూచైన్ వరసలు పెట్టించి, ఇండెక్సు మొత్తం మళ్లీ కట్టించాలి. మీరే చెయ్యనక్కర్లేదు. కోహా పెట్టడానికి వచ్చిన టెక్నీషియన్‌కి ఈ ఒక్క మాట చెప్పగలిగితే చాలు. ఆయన వెళ్లిపోయాక ఫోన్లో చెప్పడం కన్నా ఆయన బల్ల దగ్గరున్నప్పుడే తెలుగు మాటలు పది కొట్టించి చూడండి.

శిక్షణ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకి మన రెండు జిల్లాలకి దగ్గర దారి విశాఖే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుపెట్టింది, ఆ శాఖ ఇప్పటికీ నడుస్తోంది. దూరవిద్య నడిపే ఇగ్నోకి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. బీఎల్‌ఐఎస్ (గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ) అయిపోయినవాళ్లకి అందులో లైబ్రరీ ఆటోమేషన్, నెట్‌వర్కింగ్ మీద ఏడాది పీజీ డిప్లొమా ఉంది. ఉద్యోగం వదలకుండా చదవాలంటే నా ఉద్దేశంలో అది మంచి కోర్సు. ఇంట్లో కూర్చుని కోహా నేర్చుకోవాలంటే ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ వీడియోలు ఉచితం. వీడియో ఆపుతూ పక్కన తెరలో చేస్తూ పోవాలి, చూసి వదిలేస్తే ప్రయోజనం లేదు. అందుకు 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటరు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, 4 జీబీ దానికి వదిలి, ప్రాక్టీసు కోహా ఒకటి పెట్టుకోండి. అందులో ఏది చెడగొట్టినా నష్టం లేదు.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్నది మీ లైబ్రరీ ఎవరిదన్న దాన్నిబట్టి ఉంటుంది. ప్రభుత్వ లైబ్రరీలకి ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) వాళ్ల ఈ-గ్రంథాలయ ఉంది. కాలేజీల్లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ లైబ్రరీ సంస్థ) వాళ్ల సోల్ కనబడుతుంది. మీ దగ్గర సోల్ ఉంటే ముందు సోల్ శిక్షణకే వెళ్లండి. మార్క్ 21 ఒకసారి వంటబట్టిందంటే సాఫ్ట్‌వేర్ మారడం పెద్ద పని కాదు.

కాలేజీ లైబ్రేరియన్లకు పదోన్నతి లెక్క కూడా ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో జీతాల లెవెల్ 10 నుంచి 11కి వెళ్లడానికి 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు ఒకటి, ఆటోమేషన్, డిజిటలైజేషన్ లాంటి వాటిమీద కనీసం 5 రోజుల శిక్షణ అడుగుతారు. పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్ల సర్వీసు, ఎంఫిల్ ఉంటే 5, రెండూ లేకపోతే 6. ఇక్కడ జరిగే పొరపాటు రోజుల లెక్కలో. మూడు రోజుల వర్క్‌షాప్ ఒకటి, రెండు రోజులది ఒకటి కలిపితే ఐదు అవుతాయి కదా అని ధీమాగా ఉండొద్దు. ఫీజు కట్టకముందే బ్రోచర్ పట్టుకెళ్లి ఎన్ని రోజులు, ఎవరు నిర్వహిస్తున్నారు, సర్టిఫికెట్ మీద తేదీలు ఉంటాయా అన్నవి మీ ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటర్ దగ్గర ఖాయం చేసుకోండి. ఆన్‌లైన్ వెబినార్ సర్టిఫికెట్లు యాభై పోగేసే ముందు అవి ఈ లెక్కలోకి వస్తాయో లేదో కూడా అక్కడే అడగండి.

యూజీసీ నెట్ (కాలేజీ ఉద్యోగాల అర్హత పరీక్ష) రాయాలనుకునే పిల్లలకి ఒక్క ముక్క. సబ్జెక్టు కోడు 59, రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. తప్పు జవాబుకి మార్కు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు.

విశాఖ దాకా వెళ్లకుండా చూసి నేర్చుకోదగ్గ చోటు శ్రీకాకుళంలోనే ఉంది. కారా 1997లో పెట్టిన కథానిలయం అది. మామూలు లైబ్రరీకి పుస్తకమే లెక్క, అక్కడ కథ లెక్క. ఒక కథ ఏ పత్రికలో, ఏ నెలలో వచ్చిందో తెలియాలంటే పత్రికను ఒక్క రికార్డుగా వదిలేస్తే కుదరదు, లోపలున్న రచనలను విడివిడిగా చూపించాలి. మార్క్‌లో దానికి 773 ఫీల్డు ఉంది. మీ దగ్గరున్న పాత పత్రికల బైండు ఒకటి తీసుకుని, అందులో ఒక్క సంచికలోని రచనలన్నీ ఇలా ఎక్కించి చూడండి. ఎంత సమయం పడుతుందో తెలుస్తుంది, ఎంత విలువైన పనో కూడా తెలుస్తుంది.

స్కానింగు శిక్షణకు వెళ్లేవాళ్లు డీపీఐ (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే లెక్క) కన్నా ముందు కాపీరైటు నేర్చుకోవాలి. మన చట్టంలో రచయిత బతికున్నంత కాలం, చనిపోయాక ఆ మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా వెబ్‌లో పెట్టొచ్చు. చాసో 1994లో పోయారు కాబట్టి 2054 చివరిదాకా వారసుల అనుమతి కావాలి. పాత పుస్తకం కదా అని పెట్టేస్తే నోటీసు వచ్చేది లైబ్రరీకే. స్కానింగు సంగతికొస్తే, 300 డీపీఐలో టిఫ్ ఫైలు దాచుకోవడానికి, పీడీఎఫ్ చదువుకోవడానికి. టిఫ్ బరువనిపించి తీసేస్తే, రేపు తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) ఇంకా మెరుగైనప్పుడు ఆ పుస్తకం మళ్లీ విప్పి స్కాన్ చెయ్యాలి. పొడి పొడి అయ్యే కాగితం రెండోసారి విప్పితే నిలవదు.

బ్యాకప్ గురించి ఏ శిక్షణలోనూ తగినంత చెప్పరు. కోహా రోజూ తనంతట తాను కాపీ తీస్తుంది. కానీ అదే డిస్కులో పెడుతుంది, మామూలుగా రెండు రోజులవే ఉంచుతుంది. శుక్రవారం జరిగిన తప్పు సోమవారం కనిపెడితే మంచి కాపీ అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. డిస్కు పోతే అసలుదీ, కాపీలూ కలిసే పోతాయి. వారానికోసారి బయటి హార్డ్ డిస్కులోకి ఒక కాపీ తియ్యండి, ఆ డిస్కు సర్వరు గదిలో ఉంచొద్దు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు వారం వచ్చేదాకా ఆగకుండా అప్పటికప్పుడే తియ్యండి. మూడు నెలలకోసారి ఆ కాపీని ప్రాక్టీసు కోహాలోకి ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

శిక్షణ నుంచి తిరిగొచ్చిన మొదటి సోమవారమే వెంట తీసుకెళ్లిన ఆ ఇరవై పుస్తకాలు అసలు కోహాలో ఎక్కించి, బార్‌కోడ్లు అంటించి, ఎవరో ఒక పాఠకుడికి ఇష్యూ చెయ్యండి. తర్వాత రోజుకు 25 చొప్పున పోతే 5,000 పుస్తకాలకి 200 పని దినాలు పడుతుంది. తెలుగు సాహిత్యం అరతో, అంటే డ్యూయీ వర్గీకరణలో 894.827తో మొదలుపెట్టండి. పాఠకులు ఎక్కువగా అడిగేది ఆ అరే, తప్పులు ముందు బయటపడేదీ అక్కడే.