పాస్టర్‌గా అభిషేకం అందుకునే దాకా: నా అనుభవం

బైబిల్ చదివి ప్రసంగం చేయగలిగితే పాస్టర్ అయిపోవచ్చని చాలామంది అనుకుంటారు. మా సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో ఆ దారి చాలా పొడుగు. ముందు మన సంఘం పాస్టరేట్ కమిటీ సిఫారసు ఉత్తరం ఇవ్వాలి. తర్వాత డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాలన్నీ) ఇంటర్వ్యూ, థియలాజికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష. డిగ్రీ చేసి వెళ్తే బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) నాలుగేళ్లు. ఆపైన ప్రొబేషన్, తొలి మెట్టుగా డీకన్ అభిషేకం, చివరికి పూర్తి స్థాయి పాస్టర్‌గా ప్రెస్బిటర్ అభిషేకం. ఆడపిల్లనైతే ప్రతి చోటా ఇంకో ప్రశ్న: "పెళ్లయ్యాక ఎలాగమ్మా?" 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు, సీఎస్‌ఐలో తొలి మహిళా బిషప్ ఆవిడే. మా అమ్మ ఆ పేపర్ కటింగ్ దాచి, అలా అడిగినవాళ్లకల్లా చూపించేది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది పిలుపు సాక్ష్యం. దేవుడు నన్నెలా పిలిచాడో కమిటీ ముందు చెప్పాలి. మా మాదిగపల్లె నుంచి శ్మశానానికి దారి లేదు. వానాకాలం పొలం గట్ల మీద, బురదలో పాడె మోయాలి. పొలం ఆసామి వద్దంటే అదీ లేదు. మా తాత పోయినరోజు పాడె దించి సాయంత్రం దాకా కూర్చున్నాం. మా సంఘం పాస్టర్ అయ్యగారు బైబిల్ చంకన పెట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి, మెట్ల మీద కూర్చుని, దారి ఇప్పించే దాకా లేవలేదు. చీకటి పడ్డాక వచ్చి సమాధి ప్రార్థన చేశారు. ఈ పని నేనూ చేయాలని నాకు అప్పుడే అనిపించింది. కమిటీ ముందు ఇదే చెప్పాను.

"ఇది ఊరి గొడవ కదమ్మా, ఆత్మీయ అనుభవం చెప్పు" అన్నారు ఒక పెద్దాయన. ఇదే నా ఆత్మీయ అనుభవం అన్నాను. మండుతున్న పొద దగ్గర దేవుడు మోషేతో నా ప్రజల బాధ చూశాను, వాళ్ల మొర విన్నాను అన్నాడు కదా, అదీ ఊరి గొడవేనా అండీ అని అడిగాను. గొంతు వణికింది. ఉత్తరం ఆలస్యంగానే వచ్చింది గానీ, వచ్చింది.

కాగితాల దగ్గర ఇంకో బాధ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు ఇంకా బయటే ఉన్నారు. మన దగ్గర వాళ్లకు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. నేను బీసీ-సి సర్టిఫికెట్టే తీసుకున్నాను. మా పాడెను ఆపినవాళ్లు మాత్రం మా బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి ఆపలేదు. ఆ రోజు ఆఫీసు బయట కోపంతో ఏడ్చాను.

హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్‌ఐ వాళ్లు, మెథడిస్టులు కలిసి చదువుతారు. రాత్రి భోజనాలయ్యాక ఒకరి సాక్ష్యం ఒకరం వినేవాళ్లం. నిజంగా నన్ను తయారుచేసింది ఆ రాత్రులే. ఒంగోలు వైపు నుంచి వచ్చిన బాప్టిస్టు అన్న ఒకరు కరువు రోజుల సంగతి చెప్పారు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. తర్వాత 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తమ పూర్వీకుడు అందులో ఉన్నాడని వాళ్లింట్లో చెప్పుకుంటారట. తండా నుంచి వచ్చిన తమ్ముడు తన సాక్ష్యమంతా లంబాడీ పాటలోనే పాడాడు. రెడ్ల ఇంట్లో పుట్టిన ఒకతను, చిన్నప్పుడు కూలీల దోసిళ్లలోకి తాను ఎత్తి నీళ్లు పోసేవాడినని చెప్పి ఆగిపోయాడు. ఎవరూ ఓదార్చలేదు. కాసేపయ్యాక నేను లేచి, మా అమ్మ అలా దోసిలి పట్టి తాగేదని చెప్పాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య దాపరికం లేదు. ఇప్పటికీ మంచి స్నేహితులం.

ప్రొబేషన్‌లో నన్నొక చిన్న టౌనుకు పంపారు. అక్కడ పారిశుద్ధ్య కార్మికులకు నెలల తరబడి జీతాలు రాలేదు. వాళ్లలో సగం మంది మా సంఘస్థులే. మసీదు ఇమామ్ గారిని, రామాలయం పూజారి గారిని కలిసి, ముగ్గురం కలిసి అడుగుదామన్నాను. వస్తారో రారో అనుకున్నాను, ఇద్దరూ వచ్చారు. పదే పదే తిరిగాక జీతాలు పడ్డాయి. ఆ తిరుగుళ్లలోనే మసీదు వరండాలో టీ తాగుతూ ఎవరి కథ వాళ్లం చెప్పుకున్నాం. ఇమామ్ గారిది దూదేకుల కుటుంబం. "నమాజులో అందరం ఒకే వరుసలో నిలబడతాం. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం మేం గుర్తుకు రాం" అన్నారు. పూజారి గారు, 2018లో చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత యువకుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి తీసుకెళ్లిన రోజు గురించి చెప్పారు. అది చూశాకే తనింట్లో పెద్దవాళ్లతో మొదటిసారి ఎదురు మాట్లాడానన్నారు.

నా ప్రెస్బిటర్ అభిషేకానికి వాళ్లిద్దరూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. బిషప్ గారు, తోటి పాస్టర్లు నా తల మీద చేతులుంచి ప్రార్థించారు. అమ్మ ముందు వరుసలో కూర్చుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చే అభ్యర్థుల సాక్ష్యాలు వినేవాళ్లలో నేనూ ఉన్నాను. చాలామంది ఊరి సంగతి మొదలుపెట్టి, పెద్దల ముఖాలు చూసి ఆపేస్తారు. మొత్తం చెప్పమంటాను. నీళ్లు, కూలి, శ్మశానం దారి, ఏదైనా సరే. టైమ్ అయిపోయిందని ఎవరైనా అంటే, నా వంతు సమయం కూడా వాళ్లకే ఇస్తాను.