బావగారికి చూపించిన కొండ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈసారి పండక్కి ముందే మూటాముల్లే సర్దుకుంది. పొద్దున తొమ్మిది దాటిందంటే బెజవాడ ఎండ పలకరించేస్తోంది. అందుకే రాత్రే అందరికీ చెప్పేశాను, ఐదింటికి లేస్తేనే కొండ, లేకపోతే ఫ్యాను కింద కూర్చుని టీవీ అని.

అక్కావాళ్లు ఒక పెళ్లికని బెంగళూరు నుంచి వచ్చారు. ఈ సాయంత్రమే రైలు. పెళ్లి సందడి అయిపోయింది కాబట్టి ఇవాళ నేనూ సెలవు పెట్టాను. బావగారికి కొండలంటే పిచ్చి. ఉత్తరాఖండ్‌లో మంచులో నడిచిన ఫొటోలు ఫోన్ నిండా ఉంటాయి. ఆ నడకకి కొన్న బూట్ల ఖరీదు గురించి అక్క ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది. నిన్న భోజనాల దగ్గర ఆయన నవ్వుతూ, "మీ ఊళ్లో ఏం కొండలున్నాయి మరదలా, గుళ్లకి మెట్లు తప్ప?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం, అన్నిటి మీదకీ ఇళ్లు ఎక్కేశాయి నిజమే. అయినా కొండలు కొండలే కదా! ఏరు దాటితే సీతానగరం, ఉండవల్లి, మంగళగిరి. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య సందులోంచి కృష్ణ ఇరుక్కుని వెళ్తుంది. అందుకే 1850ల్లో తెల్లవాళ్లు ఆనకట్టకి అక్కడే చోటు చూసుకున్నారు, 1957లో ప్రకాశం బ్యారేజీ కూడా అక్కడే వచ్చింది. ఇదంతా చెప్పబోతే ఆయన పెరుగన్నంలో మునిగిపోయారు. నడిపిస్తే తప్ప లాభం లేదనుకున్నాను.

ఏ కొండ అన్నదాని మీద కాసేపు పంచాయితీ జరిగింది. అమ్మ ఓటు మంగళగిరికి. పానకాల స్వామికి పానకం పోసి రావచ్చు, 1890లో కట్టించిన మెట్లు ఉన్నాయి, ముసలివాళ్లు కూడా ఆగి ఆగి ఎక్కేస్తారు. స్వామి సగం తాగి సగం మనకి వదులుతాడంటే మా పాప, అంటే అక్క కూతురు, నమ్మలేదు. చూపించాల్సిందే అని పట్టుబట్టింది కూడా. కానీ బావగారి మాట ప్రకారం అది మళ్లీ గుడి మెట్లే అవుతుంది. ఉండవల్లి గుహలు బాగానే ఉంటాయి, నాలుగంతస్తులు కొండలోనే తొలిచారు, లోపల పడుకున్న అనంతపద్మనాభుణ్ణి ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు, కాకపోతే అక్కడ నడక తక్కువ. రైల్వేస్టేషన్‌కి దగ్గర్లో గాంధీ కొండ ఉంది, 52 అడుగుల స్తూపం, 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించింది. రైలుకి రెండు గంటలు టైముందనుకున్నవాళ్లకి అంతకు మించింది లేదు. మాకు పూట మొత్తం ఉంది. కొండపల్లి ఖాయం చేశాను.

తెల్లవారుజామున బస్టాండులో కాఫీ తాగి సిటీ బస్సెక్కాం. భవానీపురం, గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం వచ్చేసరికి వెలుతురు వచ్చింది. పాప అక్క ఒళ్లో నిద్రపోయింది. బావగారు ఫోన్‌లో కొండ ఎత్తు చూసుకుని, ఏమీ అనకుండా జేబులో పెట్టేసుకున్నారు. ఆ ఏమీ అనకపోవడం నాకు అర్థమైంది.

కొండపల్లి కోటకి రెండు దారులు. బండ్లు వెళ్లడానికి ఘాట్ రోడ్డు ఒకటి, ఊళ్లోంచి దర్గా మీదుగా ఎక్కే పాత దారి ఒకటి. కార్లో పైదాకా వెళ్లి, సెల్ఫీ తీసుకుని, దిగి వచ్చి కొండపల్లి చూశామనేవాళ్లని నేను లెక్కలోకి తీసుకోను. కాలి దారిలో వెళ్తేనే ఈ కోట ఎందుకిక్కడ కట్టారో తెలుస్తుంది. ఎక్కుతుంటే దారి మలుపు తిరుగుతుంది, తిరిగిన చోట ఎదురుగా గోడ. ఇంకో మలుపు, ఇంకో గోడ. పైనున్నవాడికి మనం ప్రతి అడుగులోనూ కనిపిస్తాం, మనకి వాడు కనిపించడు. ఒకదాని వెనక ఒకటి మూడు వాకిళ్లు దాటాలి. పెద్దదాన్ని దర్గా దర్వాజా అంటారు. ఇక్కడి యుద్ధంలో చనిపోయిన గులాబ్‌షా దర్గా వల్ల వచ్చిన పేరు. కొండకి అవతలి పక్క, జగ్గయ్యపేట వైపు దిగడానికి గోల్కొండ దర్వాజా ఉంది.

వాకిలి దగ్గర అక్క అలిసి కూలబడింది. నేను ఆ గడప రాయి చూస్తూ నిలబడ్డాను. తలుపు తిరగడానికి తొలిచిన గుంట ఇంకా ఉంది. వేలు పెట్టి చూస్తే లోపల అద్దంలా నున్నగా అరిగిపోయి ఉంది. తలుపులెప్పుడో పోయాయి. ఎన్ని వందల ఏళ్లు రోజూ తెరిచి మూస్తే రాయి అలా అరుగుతుందో మరి! 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో మొదలైన కోట ఇది. తర్వాత గజపతులు, వాళ్ల దగ్గర్నుంచి కృష్ణదేవరాయలు, ఆ తర్వాత కుతుబ్‌షాహీలు, మొఘలులు, నిజాము, చివరికి 1766లో ఇంగ్లీషువాళ్లు. ఇంతమందికీ కావాల్సింది ఈ కొండ కాదు, కింద కృష్ణ పక్కన సాగే దారి. అది చూసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

పాప మాత్రం చరిత్రకి లొంగలేదు. రాళ్ల మధ్య పడి ఉన్న ఒక ఎండుకాయ ఏరింది. చిన్న గుండ్రటి గింజకాయ, తల మీద రెండు పొడుగాటి రెక్కలు. పైకి విసిరితే గిరగిరా హెలికాప్టర్‌లా తిరుగుతూ దిగింది. అంతే, ఇక కొండ ఎక్కడం మానేసి దాన్నే విసరడం, వెంటపడటం. "పిన్నీ, ఇదేం చెట్టు?" అంది. తెల్లపొనికి. కొండపల్లి బొమ్మలు చేసేది ఈ చెక్కతోనే. బొమ్మలు కింద బజార్లో ఉంటాయని తెలుసు గానీ వాటి చెట్టు ఇలా కొండ మీద, రాళ్ల సందుల్లో, ఆకు రాల్చుకుని నిలబడి ఉంటుందని చాలామందికి తెలియదు. బావగారు కూడా వంగి ఒకటి ఏరుకున్నారు, పాప కోసమే అన్నట్టు. ఆయన విసిరింది ఎక్కువసేపు తిరిగింది. దాని మీద తండ్రీకూతుళ్ల మధ్య పెద్ద గొడవ.

నీడ తక్కువ దారి ఇది. ఎనిమిది దాటాక ఎక్కడం మొదలుపెట్టినవాళ్లు తర్వాత నన్ను తిట్టుకోకూడదు. మనిషికి లీటరు నీళ్లు కనీసం మోసుకెళ్లాలి. టోపీయో, చున్నీయో ఉండాలి. తినేది సంచి లోపల పెట్టుకోవాలి. కోతుల ముందు అరటిపండు తీస్తే అది మనది కాదు.

పైన తానీషా మహల్ గోడలు, మూడంతస్తుల రాతి కట్టడం, అటు పక్కన ఇంగ్లీషువాళ్లు తమ సైన్యానికి వాడుకున్న గదులు. దగ్గర్లోనే ఆ దొరల సమాధులు కూడా ఉన్నాయి. మహల్ దగ్గరి కోనేరు లోతైనది. ఊట నీరని, తాగితే జ్వరం వస్తుందని పాతకాలం నుంచీ ఒక మాట. అక్క ఆ మాట వినగానే పాప చేయి పట్టేసుకుంది, తాగేంత దగ్గరికి వెళ్లే దారే లేకపోయినా.

నేను ఎదురుచూసింది గోడ చివరికి వెళ్లి నిలబడటం కోసం. కింద థర్మల్ స్టేషన్ చిమ్నీలు, లావుపాటి కూలింగ్ టవర్లు, వాటి మీద ఆవిరి. అందరూ వాటిని తిట్టుకుంటూ, ఫొటోలో పడకుండా ఫోన్ పక్కకి తిప్పుతారు. నాకవి లేకపోతే ఈ దృశ్యం సగమే. బెజవాడ ఫ్యాన్లు ఎలా తిరుగుతున్నాయో కూడా కొండ మీద నుంచి కనిపించాలి కదా! ఆ వెనక కృష్ణ, మంచులో సగం కలిసిపోయి. బావగారికి ఆ వైపు వేలు పెట్టి, ఇబ్రహీంపట్నం దగ్గర పట్టిసీమ నుంచి తెచ్చిన గోదావరి నీళ్లు కృష్ణలో కలుస్తాయని, ఆ చోటుని పవిత్ర సంగమం అంటారని చెప్పాను. "గోదావరి ఇక్కడిదాకా వస్తుందా?" అన్నారు. వచ్చే దారిలో చివరి ముక్క, బుడమేరు వాగుని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలవే.

బుడమేరు పేరు ఎత్తగానే అక్క నా వైపు చూసింది. 2024 సెప్టెంబరు ఒకటో తారీఖు. ఆ కాలవ కట్టలకే కవులూరు దగ్గర గండ్లు పడ్డాయి. తెల్లారేసరికి మా సింగ్‌నగర్ వీధిలో మోకాళ్ల లోతు, మధ్యాహ్నానికి గుమ్మం పైకి. మేం మేడ మీదకి ఎక్కి కూర్చున్నాం. అమ్మ పెళ్లినాటి బీరువా, నా పుస్తకాలు, అన్నీ కిందే. ఆ రోజుల్లో అందరూ వాన వాన అన్నారు గానీ, వాన కురిసింది ఒక చోట, నీళ్లు వచ్చింది ఇంకో చోట నుంచి అన్నది నాకు మ్యాపులో ఎంత చూసినా మనసుకి ఎక్కలేదు. ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. ఈ కొండల వరసకి అటు మైలవరం వైపు నుంచి దిగే వాగులన్నీ ఏ పల్లంలో కలుస్తాయో, ఆ పల్లం ఎటు వాలి ఉందో కంటికి కనిపిస్తుంది. మా ఇల్లు ఆ వాలు చివర ఉంది. ఇల్లు కొనేవాళ్లని రిజిస్ట్రేషన్‌కి ముందు ఒకసారి ఇక్కడికి తీసుకురావాలి అన్నాను. బావగారు నవ్వలేదు. చాలాసేపు అటే చూసి, ఎటు నుంచి ఎటు వచ్చిందో రెండోసారి చెప్పించుకున్నారు. హిమాలయాల ఫొటోలు చూపించేటప్పుడు ఆయన ఇన్ని ప్రశ్నలు వేయగా నేను వినలేదు, అక్కడి వాగులు ఎవరి ఇంట్లోకి వెళ్తాయో ఆయనకి పట్టలేదు కాబోలు.

దిగేటప్పుడు ఆయన మోకాలు పట్టేసింది. ఎక్కడంకన్నా దిగడమే మోకాలికి చేటు, మెట్లకి అడ్డంగా పక్కవాటున దిగమని అక్క సలహా. అది ఆయనే ఎప్పుడో అక్కకి నేర్పిన సలహా అట. ఎవరూ మాట్లాడకుండా దిగాం.

బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద కాసేపు కూర్చున్నాం. ఆ ఇంటి పెద్దావిడ ఏనుగు అంబారీకి మక్కు పెడుతోంది. పొనికి చెక్కని ముందు సెగకి ఆరబెట్టి తేమంతా పోగొడతారు. ఏనుగుకి ఒళ్లు వేరు, కాళ్లు వేరు, తొండం వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపప్పొట్టు కలిపిన ముద్దతో, అంటే ఈ మక్కుతో, అతుకుతారు. అతుకు కనపడకుండా వేలితోనే నున్నగా రాస్తుంది ఆవిడ. ఆపైన సున్నం పూత, ఆ తర్వాతే రంగు. పాప తన రెక్కల కాయ తీసి చూపిస్తే ఆవిడ ముఖం విప్పారింది. "కొండ మీద దొరికిందా అమ్మా? ఇప్పుడు చెక్కే దొరకట్లేదు" అంది. ఆ చేతిలో కాయ, ఈ చేతిలో ఏనుగు పెట్టుకుని పాప రెండింటినీ మార్చి మార్చి చూసింది. అక్క అలవాటుగా బేరం మొదలుపెట్టబోతే బావగారు మోచేత్తో పొడిచి, చెప్పిన ధరే ఇచ్చేశారు. కల్లుగీత కార్మికుడు ఎక్కుతున్న తాటిచెట్టు బొమ్మ ఇంకోటి కూడా కొన్నారు, ఆఫీసులో బల్ల మీద పెట్టుకోవడానికట.

ఇంటికొచ్చేసరికి పన్నెండు. అమ్మ మామిడికాయ పప్పు చేసి పెట్టింది, ఈ ఏడాది మొదటి కాయలు. తిని అందరూ పడి నిద్రపోయారు. నేను గిన్నెలు కడిగి, బట్టలు ఆరేసి, రేపటి పాఠం చూసుకున్నాను.

సాయంత్రం స్టేషన్‌లో చార్టు దగ్గర బావగారు ఆగారు. "మన రైలు పేరు చూశావా, కొండవీడు ఎక్స్‌ప్రెస్. ఇన్నాళ్లూ ఎక్కుతున్నాను, అది ఏ కొండో అడగలేదు" అన్నారు. కొండపల్లి ఎక్కినవాళ్లు అదీ ఎక్కాల్సిందే అని చెప్పాను. రెడ్డిరాజుల రాజధాని, 1515లో కృష్ణదేవరాయలు ముందు దాన్ని పట్టుకునే తర్వాత కొండపల్లి మీదకి వచ్చాడు. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్ల చిల్లర. పైదాకా ఘాట్ రోడ్డు వేసేశారు, అయినా కాలినడక దారి ఉంది. కొండ మీద మూడు చెరువులు, వానలు పడ్డాక నిండుతాయి. ఆ కొండల సీతాఫలాలు కూడా అప్పుడే.

గుంటూరు దాటాక ఫోన్ చేశారు. ఫిరంగిపురం వస్తోందట, కొండ ఏ పక్కో చెప్పమని. ఎడమ పక్క అన్నాను. "చీకటి పడిపోయింది, ఏమీ కనపడట్లేదు, ఎదురు సీటు ఆయన మాత్రం అదిగో అదిగో అంటున్నాడు" అన్నారు. వెనక నుంచి అక్క, "దసరా సెలవులకి వస్తాం, ఆ మోకాలికి ఈలోపు డాక్టరుకి చూపించుకుంటే" అంటోంది. దసరాకి టికెట్లు దొరకడం కష్టం, ముందే చేయించుకోమని చెప్పి పెట్టేశాను.